మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది.. అయినా ప్రయోగం తప్పే!

మన రాయికోడ్ నుంచి మళ్లీ వచ్చేశాను. చూసేవాళ్లకు వీడియో ఉంది, డేటా అయిపోయినోళ్లకు ఈ టెక్స్ట్ ఉంది. ఎప్పటిలాగే నేను మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాం. భాష అక్కడక్కడ అటూ ఇటూ ఉంటే సర్దుకుపోండి.

ఈ వారం టాపిక్ ఒక మెసేజ్ నుంచి పుట్టింది. ఇంటర్ ఎంపీసీ చదివే ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెసేజ్ మాత్రం ఉన్నదున్నట్టు చదువుతా.

"అన్నా, ల్యాబ్‌ల లోలకం ప్రయోగం చేసినం. నాకు జీ విలువ 10.9 వచ్చింది. డౌటొచ్చి మళ్లీ చేసిన, మళ్లీ అంతే. మూడోసారి గూడ అంతే. పక్క బ్యాచోళ్లు ప్రయోగమే చెయ్యకుండ 9.8 అని రాసి సంతకం పెట్టించుకున్నరు. మూడుసార్లు చేసిన నాదే తప్పంట. నేను గూడ 9.8 రాసెయ్యాల్నా?"

చూశారా, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మూడుసార్లు ఒకటే వస్తే అది తప్పెట్లా అవుతుంది? ఇది మొదటిది. తప్పని తెలిశాక పుస్తకంలో ఉన్న నంబర్ రాసేస్తే పోదా? ఇది రెండోది. రెండిటికీ ఇవాళ జవాబు వెతుకుదాం. దీనికోసం ఈ బెంచీల మీద నుంచి లేచి ఒకసారి నిజాం కాలం హైదరాబాద్‌కు వెళ్లొస్తాం. చివర్లో మన ఇంట్లో మూలన ఉన్న విత్తనాల సంచి దగ్గరికి వస్తాం. కాబట్టి మధ్యలో స్కిప్ కొట్టకండి.

ముందు రెండు మాటలు నేర్చుకుందాం. రిలయబిలిటీ, వాలిడిటీ. టెట్, డీఎస్సీ ప్రిపేర్ అయ్యే అక్కలకు, అన్నలకు ఇవి బాగా తెలుసు. విశ్వసనీయత, సప్రమాణత అని బట్టీ కొట్టి ఉంటారు. అక్కడ పరీక్ష పేపర్ గురించి చెప్తారు. ప్రయోగానికి కూడా అవే మాటలు వర్తిస్తాయి. నేను కాటా మీద పెట్టి చెప్తా, జన్మలో మర్చిపోరు.

మన పత్తి కాటా మీద పెట్టారు అనుకోండి. 48 కిలోలు చూపించింది. దించి మళ్లీ పెట్టారు, 48. ఇంకోసారి, 48. కాటా చాలా నిలకడగా ఉంది. ఎన్నిసార్లు పెట్టినా మాట మార్చట్లేదు. దీన్నే విశ్వసనీయత అంటాం. కానీ ఆ బస్తా అసలు బరువు 50 కిలోలు అయితే? ప్రతిసారీ రెండు కిలోలు తక్కువ చూపిస్తోంది. నిలకడగా తక్కువ చూపిస్తోంది! అంటే ఆ కాటాకు విశ్వసనీయత ఉంది, సప్రమాణత లేదు. నేను అడిగిన ప్రశ్న "బస్తా బరువెంత" అని. అది చెప్పే జవాబు దానికి కాదు.

ఇప్పుడు ఇంకో కాటా తీసుకుందాం. ఒకసారి 47, ఒకసారి 53, ఒకసారి 50. ఇది నిలకడే లేని కాటా. దీని మాట నమ్మి బేరం ఆడలేం. కానీ ఒక్క విషయం గమనించండి. ఈ రెండో కాటాతో మనం మోసపోం. అంకెలు అటూ ఇటూ ఊగుతుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, "ఏందన్నా ఈ కాటా" అని అక్కడికక్కడే అడుగుతాం. మనల్ని ముంచేది మొదటి కాటా. నిలకడ చూసి నమ్మేస్తాం. నిలకడగా ఉండే తప్పు నిజం లాగే కనిపిస్తుంది. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

మరి మొదటి కాటా దొంగతనాన్ని పట్టుకునేదెట్లా? వందసార్లు తూచినా లాభం లేదు, వందసార్లూ 48 అనే అంటుంది. అదే బస్తాను ఇంకో కాటా మీద పెట్టాలి. లేదా తెలిసిన బరువు, ముద్ర ఉన్న 20 కిలోల గుండు, ఈ కాటా మీదే పెట్టాలి. అంటే చేసిందే మళ్లీ చేయడం వేరు, ఏదో ఒకటి మార్చి చేయడం వేరు. మొదటిది విశ్వసనీయతను పరీక్షిస్తుంది. సప్రమాణతను పరీక్షించాలంటే రెండోది కావాలి.

సరే, మన తమ్ముడి లోలకం దగ్గరికి వద్దాం. మీటరు దారం, చివర ఇనుప గుండు. పక్కకు కొంచెం లాగి వదిలాడు. 20 డోలనాలకు ఎన్ని సెకన్లో స్టాప్‌వాచ్‌లో చూశాడు. 38.1, 38.2, 38.1. ఎంత నీట్‌గా ఉన్నాయో చూడండి! సగటును 20తో భాగిస్తే ఆవర్తన కాలం 1.907 సెకన్లు. ఫార్ములాలో వేస్తే జీ దాదాపు 10.9.

ఒక డోలనం కొలవకుండా 20 ఎందుకు కొలుస్తామో మధ్యలో చెప్పుకుందాం, ఇది కూడా మన టాపిక్కే. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన వేలు కొంచెం ముందో వెనకో అవుతుంది. 0.2 సెకను తేడా అనుకోండి. రెండు సెకన్ల డోలనం ఒక్కటే కొలిస్తే ఆ తేడా 10 శాతం. 20 డోలనాలు కలిపి 40 సెకన్లు కొలిస్తే అదే తేడా అర శాతం. వేలు చేసే తప్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉంటుంది కాబట్టి మూడుసార్లు చేసి సగటు తీస్తే ఇంకా తగ్గుతుంది. ఇట్లా అటూ ఇటూ ఊగే తప్పులకు మళ్లీ మళ్లీ చేయడమే మందు. తమ్ముడు ఇదంతా కరెక్టుగా చేశాడు. తన రీడింగుల్లో తేడా 0.1 సెకనే.

నేను తనకు ఒక్కటే పని చెప్పాను. "నాలుగోసారి కూడా 20 డోలనాలే చేయకు. ఈసారి 10కే చెయ్యి. దారం అదే, గుండు అదే."

ఆలోచించండి. డోలనాలు 20 లెక్కపెట్టినా 10 లెక్కపెట్టినా భూమి ఆకర్షణ మారదు కదా. జీ విలువ అదే రావాలి. మరుసటి రోజు మెసేజ్ వచ్చింది. "అన్నా, 10కి 18.1 సెకన్లు. జీ 12 వచ్చింది. ఇదేంది?"

మూడుసార్లు చేసినప్పుడు మూగగా ఉన్న తప్పు, ఒక్కటి మార్చగానే నోరు తెరిచింది. నేను అడిగాను, "గుండు వదిలినప్పుడు నోటితో ఏమన్నావ్?" అని. "ఒకటి అన్న" అన్నాడు. అంతే, దొరికిపోయింది. వదిలేటప్పుడు "సున్నా" అనాలి. గుండు వెళ్లి తిరిగి వచ్చాక "ఒకటి". తమ్ముడు వదలగానే ఒకటి అన్నాడు కాబట్టి తన 20 నిజంగా 19. తన 10 నిజంగా 9. ఇప్పుడు 38.1ని 19తో భాగించండి. జీ 9.8 దగ్గరికి వచ్చేస్తుంది. 18.1ని 9తో భాగించినా అక్కడికే వస్తుంది. రెండు దారుల్లో వెళ్లినా ఒకే ఊరు వచ్చింది.

ఇక్కడ రెండో ప్రశ్నకు కూడా జవాబు వచ్చేసింది. పక్క బ్యాచ్ వాళ్లు 9.8 రాశారు. వాళ్ల రికార్డులో ఎర్ర సిరా లేదు. కానీ వాళ్లు కూడా వదలగానే "ఒకటి" అనే లెక్కపెడతారేమో, వాళ్లకు ఎప్పటికీ తెలియదు. తమ్ముడి 10.9 తప్పు అంకె, నిజమే. కానీ అది ఆచూకీ. ఆ అంకెను చెరిపేసి 9.8 రాసి ఉంటే ఆచూకీ కూడా చెరిగిపోయేది. అందుకే చెప్తున్నా, వచ్చిందే రాయండి. కింద ఒక లైన్ కలపండి, "ఇంత తేడా వచ్చింది, ఈ కారణం అనుకుంటున్నాను" అని. ఆ ఒక్క లైన్‌లోనే సైన్స్ ఉంది. మిగతాది చేతిరాత.

"అన్నా, ల్యాబ్‌లో ఒక మార్కు పోతే పోయింది, దీనికి ఇంత కథెందుకు" అంటారా? ఈ తప్పు ల్యాబ్‌లోనే ఆగిపోదు. పెద్ద పెద్ద డాక్టర్లు, నాలుగు వందలకు పైగా జంతువులు, నిజాం ప్రభువు డబ్బు.. ఇన్ని ఉండి కూడా ఇదే తప్పు జరిగిన కథ మన హైదరాబాద్‌లోనే ఉంది. చాలామందికి తెలియదు. వినండి.

1847లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టర్ క్లోరోఫాం వాసన చూపించి మత్తు ఇవ్వొచ్చని చూపించాడు. ఆపరేషన్ అంటే రోగిని నలుగురు పట్టుకుని కోసే రోజులవి. ఇది వరం లాంటిది. కానీ రెండు మూడు నెలలకే, 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు, అంతే. నిమిషాల్లో ప్రాణం పోయింది. తర్వాత కూడా అట్లాంటి చావులు అక్కడక్కడ వస్తూనే ఉన్నాయి. చిన్న ఆపరేషన్, ఆరోగ్యంగా ఉన్న మనిషి, మత్తు మొదలుపెట్టిన కాసేపటికే పోవడం.

ఎందుకు పోతున్నారు? డాక్టర్లు రెండు పార్టీలయ్యారు. ఒక పార్టీ "ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తర్వాత. కాబట్టి మత్తిచ్చేవాడు ఊపిరి చూస్తే చాలు" అంది. ఇంకో పార్టీ "కాదు, క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదు. నాడి పట్టుకుని ఉండాలి" అంది.

హైదరాబాద్‌లో అప్పుడు ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉన్నాడు. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు పెద్ద. ఆయన చదివింది ఎడిన్‌బరోలో, ఊపిరి పార్టీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888లో కమిషన్ వేసి కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఊపిరే ముందు ఆగుతోందని తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ అనే వైద్య పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌండ్లు ఇస్తానన్నాడు, "మీ మనిషినే పంపండి, మళ్లీ చేద్దాం" అని. పత్రిక లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్‌ను పంపింది. ఆయన వచ్చేటప్పుడు గుండె పార్టీ! 1889లో రెండో కమిషన్. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైగా. రక్తపోటు కొలిచే పరికరాలు, రికార్డులు, అన్నీ ఉన్నాయి. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చాలామంది చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే, అక్కడే చదువుకుని పనిచేసింది. ఆ కాలానికి అదొక భారీ ప్రాజెక్టు.

ఫలితం? జంతువు తర్వాత జంతువులో ఊపిరే ముందు ఆగింది, తర్వాత గుండె. బ్రంటన్ పార్టీ మారిపోయాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, డోసు ఎక్కువవడం వల్లే తప్ప గుండె మీద నేరుగా ఏమీ లేదని లండన్‌కు టెలిగ్రాం కొట్టాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. విశ్వసనీయత ఎంత? ఫుల్! వందలసార్లు ఒకటే జవాబు. రెండు కమిషన్లలో ఒకటే జవాబు. ముందు ఒప్పుకోని మనిషి చేసినా ఒకటే జవాబు. అయినా రోగులు చనిపోవడం ఆగలేదు.

1911లో గుడ్‌మన్ లీవీ అనే డాక్టర్ అసలు సంగతి చూపించాడు. ఆయన డోసు పెంచే దారిలో వెళ్లలేదు. పిల్లులకు మత్తు తేలికగా ఉన్న దశలో అడ్రినలిన్ ఇచ్చి చూశాడు. భయపడ్డప్పుడు మన ఒంట్లో ఊరే పదార్థమే అది. గుండె లయ తప్పి, గిలగిలా వణికి ఆగిపోయింది. ఊపిరి సంగతి తర్వాత! ఇప్పుడు హన్నా గ్రీనర్‌ను గుర్తు చేసుకోండి. భయపడుతున్న 15 ఏళ్ల పిల్ల, మత్తు ఇంకా మొదటి నిమిషాల్లోనే ఉంది. లీవీ చూపించిన పరిస్థితి అట్లాంటి చావులకు సరిపోయింది.

హైదరాబాద్ ప్రయోగాల్లో అబద్ధం లేదు. అక్కడ క్లోరోఫాం బాగా ఎక్కించుకుంటూ పోయి ముందు ఏది ఆగుతుందో చూశారు. డోసు ఎక్కువైతే ముందు ఊపిరి ఆగుతుందన్నది కరెక్టే. ఊపిరి గమనించమన్న సలహా కూడా మంచిదే. కానీ జనం అడిగిన ప్రశ్న వేరు. "మత్తు మొదలైన నిమిషాల్లోనే మా మనిషి ఎందుకు పోయాడు" అని. ఆ ప్రశ్నకు ఆ ప్రయోగం జవాబు చెప్పలేదు, చెప్పినట్టు అనిపించింది. "నాడి చూడక్కర్లేదు" అన్న ధైర్యం దాని నుంచి వచ్చింది. నాలుగు వందలసార్లు తూచారు, కాటా మార్చలేదు. మార్చాల్సింది మత్తు లోతు. మన తమ్ముడు 20ని 10 చేసినట్టు, లీవీ దాన్ని మార్చాడు. అంతే తేడా.

ఇంకో కథ చిన్నగా చెప్తా, ఇదీ మన పక్కనే జరిగింది. సికింద్రాబాద్, 1897. రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టర్ దోమల వల్ల మలేరియా వస్తుందేమో అని వెతుకుతున్నాడు. అప్పటికి రెండేళ్లుగా మలేరియా రోగులను దోమలతో కుట్టించి, ఆ దోమలను కోసి మైక్రోస్కోప్‌లో చూస్తూనే ఉన్నాడు. ఏమీ దొరకలేదు. ఎన్ని కోసినా సున్నా. చాలా నిలకడైన సున్నా! "దోమకూ మలేరియాకూ సంబంధం లేదు" అని రాసి మూసేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

కానీ ఆయన దోమ రకం మార్చాడు. రెక్కల మీద మచ్చలున్న ఇంకో రకం దోమలను తీసుకున్నాడు. వాటిని పురుగు దశ నుంచి ఇక్కడే పెంచాడు. ఎందుకో తెలుసా? బయట పట్టిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో మనకు తెలియదు. పెంచిన దోమ అయితే దాని కడుపులో ఉన్న రక్తం ఈ రోగిదే అని గట్టిగా చెప్పొచ్చు. ఇది చిన్న జాగ్రత్త లాగా ఉంటుంది గానీ ప్రయోగానికి ప్రాణం అదే. 1897 ఆగస్టు 20న ఆ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. మరుసటి రోజు ఇంకో దోమలో కూడా చూశాడు, అది ఇంకొంచెం పెరిగి ఉంది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. సిటీకి పోయినప్పుడు వెళ్లి చూడండి.

రెండేళ్ల సున్నాలు చెప్పింది ఒక్కటే, "ఈ రకం దోమల్లో లేదు" అని. "దోమల్లోనే లేదు" అని చెప్పలేదు. ప్రయోగం చెప్పినంతే వినాలి. మనం ఎక్కువ వినేస్తాం, సమస్య అక్కడే వస్తుంది.

ఇప్పుడు ఇంటికొద్దాం. మన రాయికోడ్, జహీరాబాద్ వైపు ఇళ్లల్లో సోయా, కంది, శనగ, జొన్న విత్తనం ఏదో ఒకటి సంచిలో ఉంటుంది. ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొలకల ప్రయోగం స్కూల్లో చేసే ఉంటారు. తడి దూదిలో పది గింజలు పెట్టి ఎన్ని మొలిచాయో రాయడం. అదే ప్రయోగం మృగశిర ముందు మీ నాయినకు చాలా అవసరం. సోయా విత్తనం పెంకు చాలా పల్చన. సంచి విసిరేసినా, తేమ తగిలినా మొలక దెబ్బతింటుంది. పెట్టిన నెలకు తెలియడం కన్నా ముందే తెలిస్తే విత్తనం ఖర్చు, దున్నిన ఖర్చు, పోయిన అదును మిగుల్తాయి. కాబట్టి ఇక్కడ తప్పు చేస్తే పోయేది మార్కు కాదు, సీజన్.

సోయాకు విత్తన ప్రమాణం ప్రకారం కనీసం 70 శాతం మొలక ఉండాలి. మీరు పది గింజలు పెట్టారు, 8 మొలిచాయి. "నాయినా, 80 శాతం!" అని సంబరపడ్డారు. ఆగండి. నిజంగా 70 శాతమే మొలిచే సంచి నుంచి పది గింజలు తీస్తే, 8 లేదా ఎక్కువ మొలిచే అవకాశం దాదాపు 38 శాతం. అదే సంచి నుంచి 5 లేదా తక్కువ మొలిచే అవకాశం 15 శాతం. అంటే ఒకే సంచి ఒకరోజు ఫస్ట్ క్లాస్, ఒకరోజు ఫెయిల్ అనిపిస్తుంది. పది గింజల పరీక్షకు నిలకడ లేదు, ఊగే కాటా అది. వంద గింజలు పెట్టండి. అప్పుడు అదే సంచి ఎక్కువసార్లు 61కి 79కి మధ్యలోనే ఉంటుంది. విత్తన పరీక్ష ల్యాబుల్లో అయితే నాలుగు వందల గింజలు పెడతారు. ఇదంతా విశ్వసనీయత.

ఇప్పుడు సప్రమాణత చూద్దాం. ఆ వంద గింజలు ఎక్కడి నుంచి తీశారు? సంచి మూతి విప్పి పైపైన చేతికందినవా? లావుగా, నున్నగా ఉన్నవి ఏరి పెట్టారా? అట్లైతే ప్రతిసారీ 90 వస్తుంది, నిలకడగా వస్తుంది. కానీ అది సంచి మొలక శాతం కాదు, ఏరిన గింజల మొలక శాతం. పొలంలో వేసేది ఏరిన గింజలు కాదు కదా. సంచి పైనుంచి కొన్ని, మధ్యలోంచి కొన్ని, అడుగునుంచి కొన్ని తీసి కలిపి, కళ్లు మూసుకుని వంద లెక్కపెట్టండి. పగిలినది వచ్చినా పెట్టండి, ముడతది వచ్చినా పెట్టండి.

ఇంకోటి, మొలిచింది అని దేన్ని అంటున్నారు? గింజ ఉబ్బి పెంకు చిట్లితే మొలక అని రాసేస్తే శాతం పెరిగిపోతుంది. ల్యాబుల్లో వేరు, కాండం సరిగ్గా వచ్చిన మొలకనే లెక్కిస్తారు. సోయాకు ఎనిమిది రోజుల దాకా చూస్తారు. వేరు వంకర తిరిగి కుళ్లినది మొలక కాదు. ఏది లెక్కో ముందే రాసుకోండి, చూశాక కాదు. చూశాక రాసుకుంటే మన ఆశ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

మూడోది. తడి గోనె గుడ్డలో 85 మొలిచింది. దాని అర్థం విత్తనంలో ప్రాణం ఉంది అని. పొలంలో 85 లేస్తాయని కాదు. పొలంలో లోతు ఉంది, వాన తర్వాత గట్టిపడే పైపొర ఉంది, చీమలున్నాయి, వాన రాని రోజులున్నాయి. గుడ్డ ప్రయోగం మొదటి ప్రశ్నకు జవాబు చెప్తుంది, రెండోదానికి చెప్పదు. రెండోది కావాలంటే ఇంటి వెనక అదే మట్టి ఒక గంపలో వేసి, అంతే లోతులో ఇంకో వంద గింజలు పెట్టి చూడండి. గుడ్డలో 85, మట్టిలో 60 వస్తే, విత్తనం బతికే ఉంది, దానికి పైకి లేచే బలం తక్కువుందేమో, లేదా లోతు ఎక్కువైందేమో అని అనుమానించొచ్చు. లోతు తగ్గించి మళ్లీ చూడొచ్చు. ఒకటి మార్చి చూడడం అంటే ఇదే.

"ఒకటి" అన్న మాట గట్టిగా పట్టుకోండి. సైన్స్ ఫెయిర్‌లో ఎక్కువగా కనిపించే ప్రాజెక్టు ఉంది కదా, కంపోస్ట్ వేసిన కుండీ, వేయని కుండీ. కంపోస్ట్ కుండీ కిటికీ దగ్గర ఎండలో ఉంటుంది, రోజూ నీళ్లు పోస్తారు, మన హీరో కదా! వేయని కుండీ బీరువా పక్కన చీకట్లో ఉంటుంది. తర్వాత "కంపోస్ట్ వల్ల మొక్క రెండింతలు పెరిగింది" అని చార్ట్. ఎండ వల్ల పెరిగిందా, నీళ్ల వల్లా, కంపోస్ట్ వల్లా? దేవుడికే తెలుసు. ఒక్కటి మార్చాలి, మిగతావన్నీ సమానంగా ఉంచాలి. కుండీ ఒక్కటే పెడితే నిలకడ తెలియదు, కనీసం ఐదైదు పెట్టండి. రెండు రోజులకోసారి కుండీల చోటు మార్చండి, ఎండ అందరికీ పంచినట్టు ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు టెస్ట్ కేసులు రాసేవాళ్లం. రాత్రంతా ఐదు వందల టెస్టులు నడుస్తాయి, పొద్దున స్క్రీన్ నిండా పచ్చటి టిక్కులు. ఎంత హాయిగా ఉంటుందో! కానీ ఆ పచ్చ రంగుకు అర్థం "మనం అడిగిన వాటికి పాస్" అని మాత్రమే. కస్టమర్ చేసే పని మనం అడగనే లేదు అనుకోండి, ఐదు వందల టిక్కులూ అట్లాగే పచ్చగా మెరుస్తూ ఉంటాయి. బీటెక్‌లో నాకు విడివిడిగా చెప్పిన ఫిజిక్స్ ల్యాబ్, టెస్టింగ్ సబ్జెక్టు రెండూ ఒకటే పాఠం అని ఇప్పుడనిపిస్తుంది.

సరే, ఇక జేబులో పెట్టుకునే మాటలు చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ప్రయోగం ఏదైనా ముందు ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. నేను కొలిచేది ఆ ప్రశ్ననేనా, దాని చుట్టాన్నా అని చూసుకోండి. అదే పద్ధతిలో కనీసం మూడుసార్లు చేయండి. అంకెలు ఊగితే పద్ధతిలో నిలకడ లేదు, సంఖ్య పెంచండి, చేతిని సరిచూసుకోండి. అంకెలు ఊగకపోతే అక్కడ ఆగిపోకండి. జవాబును మార్చకూడనిది ఏదో ఒకటి మార్చి చూడండి. ఇంకో స్టాప్‌వాచ్, ఇంకో మనిషి, 20 బదులు 10, సంచి పైభాగం బదులు అడుగుభాగం. జవాబు కదలకపోతే మీ నమ్మకానికి ఒక గుంజ పడ్డట్టు. కదిలితే ఇంకా మంచిది, తప్పు ఎక్కడుందో మీకు దారి దొరికింది. చివరగా, ప్రయోగం చెప్పినంతే రాయండి, ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు.

సార్లకు, మేడమ్‌లకు కూడా ఒక చిన్న విన్నపం. పిల్లాడు 10.9 తీసుకొస్తే కొట్టేసి 9.8 రాయించకండి. "ఎట్లా లెక్కపెట్టావు బిడ్డా" అని ఒక్కసారి అడగండి. 9.8 గూగుల్‌లో ఉంది. 10.9 ఎందుకు వచ్చిందో ఆ పిల్లాడి దగ్గర మాత్రమే ఉంది.

ఇక ఈ వారం పని. మీ ఇంట్లో ఉన్న ఏ విత్తనమైనా సరే, పైన, మధ్యలో, అడుగున కలిపి వంద గింజలు. తడి గోనె గుడ్డలో పదేసి గింజల వరుసలు పది పేర్చి, వదులుగా చుట్టి నీడలో పెట్టండి. తడి ఆరకుండా చూడండి, నీళ్లు నిలవకుండా కూడా చూడండి. ఏ తేదీన పెట్టారో, ఏది మొలక అని లెక్కిస్తారో ముందే కాగితం మీద రాయండి. చుట్టలు రెండు చేస్తే ఇంకా మంచిది, ఒకటి మీరు లెక్కపెట్టండి, ఇంకోటి మీ తమ్ముడికో చెల్లెకో ఇవ్వండి, ఒకరి అంకె ఒకరికి చెప్పుకోకండి. తర్వాత రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. అంకె ఎంతైనా పర్లేదు, తక్కువ వస్తే ఇంకా ముందు పంపండి, ఎందుకంటే ఆ ఇంట్లో విత్తనం గురించి మాట్లాడుకోవడానికి టైం తక్కువ ఉంటుంది. వచ్చిన అంకెలన్నీ తర్వాతి ఎపిసోడ్‌లో ఒకే పట్టికలో వేసి చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్త!